పెద్ద కత్తా, పనికొచ్చే కత్తా?



కట్టె కొట్టడానికి ఎలాంటి కత్తి కొనాలి? బస్తర్ వైపు మద్దేడ్‌లో అడిగినా, భోపాలపట్నంలో అడిగినా, గోదావరి దాటి ఏటూరునాగారంలో అడిగినా చాలామంది చెప్పే మాట ఒకటే: “బరువుగా ఉన్నది చూసి తీసుకో.” ఆ మాట సగమే నిజం. బరువు కావాల్సిందే. కానీ ఆ బరువు కత్తిలో ఎక్కడుంది? వాదర ఎంత లావుగా ఉంది? ఉక్కు ఎలాంటిది? ఈ మూడూ చూసుకోకుండా బరువొక్కటే చూసి కొంటే ఆ కత్తితో మణికట్టు నొప్పి పుడుతుంది గానీ కట్టె తెగదు. ఈ పూట ఆ మూడింటి గురించే మాట్లాడుకుందాం. మన మచ్చుకత్తినీ గొడ్డలినీ లోకంలో పేరున్న మరికొన్ని అడవి కత్తుల పక్కన పెట్టి పోల్చి చూద్దాం.

ముందు కట్టె సంగతి చెప్పుకోవాలి. ఎందుకంటే కత్తి మంచిచెడ్డలు తేల్చేది కట్టే. మన చుట్టూ ఉన్నది టేకు అడవి. టేకుతో పాటు నల్లమద్ది ఉంది, ఏగిస ఉంది, తునికి, సండ్ర, చిరుమాను, బూరుగు, వెదురు ఉన్నాయి. ఇవన్నీ చూడ్డానికి చెట్లే అయినా కత్తి కింద ఒక్కొక్కటి ఒక్కో తీరు. ఎండిన బూరుగు కట్టె ఘనమీటరుకు దాదాపు 350 కిలోలు తూగుతుంది. టేకు 600 నుంచి 700 కిలోల దాకా వస్తుంది. చిరుమాను 900 కిలోల దాకా పోతుంది. బూరుగు మీద వేసిన దెబ్బ మెత్తగా లోపలికి దిగుతుంది. ఎండిన చిరుమాను మీద అదే దెబ్బ వేస్తే కత్తి ఎగిరి వెనక్కి వస్తుంది, చెయ్యి జివ్వుమంటుంది. ఇక వెదురు. పైకి నున్నగా కనిపించే ఆ బెరడులో సిలికా ఉంటుంది. ఇసుకలో ఉండే పదార్థమే అది. పొద్దున పదును పెట్టిన కత్తి మధ్యాహ్నానికి మొద్దుబారిందంటే తప్పు కమ్మరిది కాకపోవచ్చు, అది వెదురు చేసిన పని కావచ్చు.

కట్టె ఎన్ని రకాలో పనీ అన్ని రకాలు. తునికాకు సీజనుకు ముందు కొమ్మకొట్టుడు పని ఉంటుంది. అక్కడ నరికేది వేలెడు లావు పుల్లలు, పచ్చి రెమ్మలు. చేనికి దడి కట్టాలంటే మణికట్టంత లావు కొయ్యలు కావాలి. పందిరికి గుంజలు, ఇంటికి వాసాలు, పొయ్యిలోకి ఎండుకట్టె, ఇలా ఒక్కో పనికీ ఒక్కో లావు. జీలుగు చెట్టెక్కి గెల గీసేవారి చేతిలో ఉండే కత్తి వీటన్నిటికన్నా వేరు. అది పలచగా, మంగలి కత్తికి దగ్గరగా ఉంటుంది. దాంతో ఎండు నల్లమద్ది కొమ్మ కొడితే ఆ పూటకే వాదర పెచ్చులూడుతుంది. కట్టె కొట్టే కత్తితో జీలుగు గీస్తే గెల పాడవుతుంది. ఒక్క కత్తితో అన్ని పనులూ చేయవచ్చని చెప్పి అమ్మేవారి మాట నమ్మకండి.

ఇప్పుడు మొదటి సంగతి, బరువు. దెబ్బకు బలం రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి కత్తి బరువు, రెండోది కత్తి వేగం. బరువు రెట్టింపయితే దెబ్బలోని శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపయితే ఆ శక్తి నాలుగు రెట్లవుతుంది. ఇది బడిలో చదువుకున్న లెక్కే. అందుకే మోయలేనంత బరువున్న కత్తి నెమ్మదిగా దిగి తక్కువ నరుకుతుంది. చేతికి సరిపోయిన కత్తి వేగంగా దిగి ఎక్కువ నరుకుతుంది. పొద్దంతా పని చేసేవారికి పిడితో కలిపి 500 నుంచి 700 గ్రాముల కత్తి సరిపోతుంది. కిలో దాటిన కత్తి చూడ్డానికి ఘనంగా ఉంటుంది, గంట తిరక్కుండానే భుజం పట్టేస్తుంది.

ఆ బరువు ఎక్కడుండాలన్నది ఇంకా ముఖ్యం. రోకలికి ఇనుప పొన్ను కింది కొసకే వేస్తారు, పట్టుకునే చోట వేయరు. కత్తికీ అదే లెక్క. కత్తిని అడ్డంగా ఒక వేలి మీద నిలబెట్టి చూడండి. పిడి దగ్గరే తూకం నిలిస్తే అది కోసే కత్తి. పిడికి రెండు మూడు అంగుళాలు ముందుకు పోయాక తూకం నిలిస్తే అది నరికే కత్తి. మన మచ్చుకత్తి ముందు భాగం వెడల్పుగా ఉండటానికి కారణం ఇదే. నాగాలాండ్‌లో నాగాలు పోడుకూ ఇల్లు కట్టుకోవడానికీ వాడే దావ్ అనే కత్తి కూడా కొస వైపే వెడల్పు, కొసన మొన ఉండదు, మొండిగా ఉంటుంది. నేపాల్ కుక్రీ మధ్యలో ముందుకు వంగి, ఆ వంపు దగ్గరే లావుగా బరువుగా ఉంటుంది. వందల మైళ్ళ దూరంలో ఉన్న కమ్మరులు ఒకరినొకరు చూడకుండానే ఒక్క చోటికి చేరారు. కట్టె వాళ్ళకు నేర్పిన పాఠం ఒకటే కాబట్టి.

రెండో సంగతి, వాదర. కూరగాయల కత్తి వాదర రెండు పక్కలా కలిపి 30 డిగ్రీల కోణంలో ఉంటే చాలు. కట్టె కొట్టే కత్తికి 40 నుంచి 50 డిగ్రీలు కావాలి. అంతకన్నా సన్నగా సాన పడితే మొదటి దెబ్బలు బ్రహ్మాండంగా దిగుతాయి, ఆ తర్వాత వాదర మడత పడుతుంది, లేదా పెచ్చు లేస్తుంది. వాదర ఆకారం కూడా చూడాలి. కొస వైపు నుంచి చూస్తే పక్కలు ఉలిలా చదునుగా కాకుండా, కాస్త పొట్ట వచ్చి గుండ్రంగా వాదరలోకి దిగాలి. ఆ పొట్ట వల్ల రెండు లాభాలున్నాయి. వాదర వెనక లోహం ఎక్కువగా ఉండి బలం ఇస్తుంది. కట్టెలో దిగిన కత్తి ఇరుక్కోకుండా చీలికను రెండు పక్కలకూ తోసి సులువుగా బయటికి వస్తుంది. ఇండోనేషియా గోలోక్, మలేషియా పరాంగ్ కత్తులకు పేరొచ్చింది ఈ పొట్ట వాదర వల్లే. మన ఊళ్ళలో అనుభవమున్న కమ్మరి ఆకురాయిని ఊపుతూ తిప్పి రుద్దేది కూడా ఈ పొట్ట కోసమే.

వాదరతో పాటు వీపు మందమూ చూడాలి. లాటిన్ అమెరికాలో వాడే మషెటీ అనే కత్తిని చూడండి. బ్రెజిల్‌లో 1911లో మొదలైన ట్రమాంటీనా లాంటి సంస్థలు వాటిని లోకమంతా అమ్ముతాయి. పొడవు పద్దెనిమిది అంగుళాలుంటుంది, మందం రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. చెరకు, అరటి, గడ్డి, పచ్చి తీగలు కొట్టడానికి దానికి సాటి లేదు. పలచగా ఉండటం వల్ల వేగంగా ఆడుతుంది, చెయ్యి అలవదు. అదే మషెటీని ఎండిన టేకు కొమ్మ మీద వేస్తే రేకు వణుకుతుంది. దెబ్బలోని కొంత బలం ఆ వణుకులోనే పోతుంది. కుక్రీ దీనికి తలకిందులు. వీపు దగ్గర ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల మందం. గట్టి కట్టెను నరుకుతుంది, చీలుస్తుంది కూడా. పచ్చి తుప్ప కొట్టబోతే మాత్రం బరువు ఎక్కువైపోతుంది. ఈ రెంటికీ మధ్యలో, ఐదారు మిల్లీమీటర్ల మందంతో పిడి దగ్గర మొదలై కొస దగ్గరికి మూడు నాలుగు మిల్లీమీటర్లకు తగ్గే కత్తి మన అడవికి సరిగ్గా సరిపోతుంది.

మూడో సంగతి ఉక్కు. ఇక్కడ కాస్త ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇది మన తెలుగువాళ్ళ సొంత కథ.

మద్దేడ్ మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి జగదల్‌పూర్ వైపు నుంచి బీజాపూర్, మద్దేడ్, భోపాలపట్నం దాటి, సిరొంచ, మంచిర్యాల, జగిత్యాల మీదుగా నిజామాబాద్ వైపు వెళ్తుంది. ఆ దారిలో కమ్మర్‌పల్లి దగ్గర్లో కోనసముద్రం అనే ఊరుంది. ఒకప్పుడు ఆ ఊరి ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. ఇంగ్లిషువాళ్ళు వూట్జ్ అని పిలిచిన ఉక్కు అదే. హెన్రీ వాయిసీ అనే సర్వే శాఖ వైద్యుడు ఆ కొలుములను స్వయంగా చూసి రాసిన వివరం, ఆయన చనిపోయాక, 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు రకాల ఇనుమును కలిపి మట్టి మూసల్లో పెట్టి, పొద్దూ రాత్రీ తిత్తులు ఊది కరిగించి తీసే ఉక్కు అది. అంతకుముందే, 1795లో, లండన్‌లో జార్జ్ పియర్సన్ ఇలాంటి హిందూదేశపు ఉక్కును పరీక్షించి రాయల్ సొసైటీకి నివేదించాడు. తర్వాత మైకేల్ ఫారడే అంతటివాడు కూడా ఈ ఉక్కు రహస్యం కనిపెట్టాలని ప్రయోగాలు చేశాడు.

అయితే ఒక్క మాట. అంత గొప్ప ఉక్కు కట్టె కొట్టే కత్తికి పనికిరాదు. ఎందుకంటారా? ఆ ఉక్కులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం ఉంటుంది. కర్బనం ఎక్కువైతే ఉక్కు గట్టిపడుతుంది, పదును నిలుస్తుంది, పెళుసుతనం కూడా పెరుగుతుంది. కరవాలానికి ఆ పదును కావాలి. కట్టె కొట్టే కత్తికి కావాల్సింది దెబ్బను తట్టుకునే గుణం, విరగకుండా కాస్త వంగి మళ్ళీ నిలబడే గుణం. దానికి కర్బనం అర శాతానికి కొంచెం పైన ఉంటే చాలు. ఇంటి స్లాబుకు వాడే కడ్డీలో ఉండే ఇనుములో అది పావు శాతానికి అటూ ఇటూ ఉంటుంది. అలాంటి మెత్త ఇనుముతో చేసిన కత్తి ఎంత కాల్చి నీళ్ళలో ముంచినా సరిగా గట్టిపడదు. సంతలో చవగ్గా దొరికే కొన్ని కత్తులు వారానికే మొద్దుబారేది ఇందుకే.

మరి ఆ అర శాతం పైచిలుకు కర్బనమున్న ఉక్కు పల్లెటూరి కమ్మరికి ఎక్కడ దొరుకుతుంది? లారీ కింద దొరుకుతుంది. లారీ కమాన్ పట్టీ చేసేది సరిగ్గా ఈ రకం ఉక్కుతోనే. గుంతల్లో పడి లేచి, లక్షల సార్లు వంగి నిటారయ్యే పని దానిది. కర్బనంతో పాటు అందులో సిలికాన్, మాంగనీసు కలిపేది ఆ ఓర్పు కోసమే. నేపాల్‌లో కుక్రీలు చేసే కామి కమ్మరులు కూడా పాత లారీ పట్టీలనే కొని తెచ్చుకుంటారు. బస్తర్‌లోని బైలాదిలా కొండల నుంచి 1968 నుంచీ ఇనుప ఖనిజం తవ్వుతున్నారు, అది కిరందూల్ నుంచి రైలెక్కి విశాఖపట్నం రేవుకు పోతోంది. ఆ కొండల పక్క జిల్లాలో ఉన్న మన కమ్మరి చేతికి మంచి ఉక్కు అందేది మాత్రం పాత ఇనుము దుకాణంలోనే. అందులో చిన్నతనమేమీ లేదు. పాత పట్టీని తెలిసి వాడితే కొత్త ఉక్కుకు ఏమాత్రం తీసిపోదు. ఒక్కటే జాగ్రత్త, ఏళ్ళ తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనిపించని పగుళ్ళుంటాయి. కాల్చి సాగదీసేటప్పుడు గీతలా పగులు కనిపిస్తే ఆ ముక్క పక్కన పడేయాల్సిందే.

ఉక్కు మంచిదైనంత మాత్రాన కత్తి మంచిదైపోదు. కొలిమి దగ్గర నీళ్ళు పెట్టే ఘడియలో కత్తి తలరాత తేలుతుంది. కత్తిని ఎర్రగా కాల్చాలి. ఎంత ఎర్రగా? దానికి ఒక గుర్తుంది. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఆ వేడి దాటి ఇంకొంచెం ఎక్కాక ముంచితే ఉక్కు గట్టిపడుతుంది. అనుభవమున్న కమ్మరి అయస్కాంతం లేకుండానే రంగు చూసి ఇది పట్టేస్తాడు, ఎండ పడని నీడలో కొలిమి పెట్టుకునేది ఆ రంగు సరిగా కనిపించడానికే. కత్తినంతా ఒకేసారి నీళ్ళలో ముంచితే మొత్తం గట్టిపడి పెళుసవుతుంది. అందుకని వాదర వైపు మాత్రం ముంచి, వీపు వేడిగానే ఉంచుతారు. వీపులో మిగిలిన ఆ వేడి మెల్లగా వాదరకు దిగుతుంటే ఉక్కు మీద రంగులు పాకుతాయి. మొదట లేత పసుపు, తర్వాత గోధుమ, ఆ పైన ఊదా, చివరికి నీలం. లేత పసుపు దగ్గర ఆపితే పదును నిలుస్తుంది, వాదర పెచ్చులూడుతుంది. నీలం దాటిపోతే వాదర మెత్తబడుతుంది. కట్టె కత్తికి గోధుమ రంగు దాటి ఊదా రంగు అందుకునే చోట ఆపాలి. నేపాలీ కమ్మరులు ఇదే పని కెటిల్‌తో చేస్తారు. ఎర్రగా కాలిన కుక్రీ వాదర మీద సన్నని ధారగా నీళ్ళు పోస్తారు. వాదర గట్టిపడుతుంది, వీపు మెత్తగానే ఉండి దెబ్బను మింగుతుంది. మన దగ్గర పాతకాలంలో గొడ్డలికి ఉక్కు వేయించేవారు. ఒళ్ళంతా మెత్త ఇనుము, నోటి దగ్గర మాత్రం ఉక్కు ముక్క పెట్టి కాల్చి అతికేవారు. దారి వేరైనా ఫలితం అదే.

ఇప్పుడు పెద్ద దుకాణాల్లో, ఫోన్లలో కనిపించే విదేశీ కత్తుల సంగతి. అమెరికా సంస్థల కత్తులు కొన్ని నిజంగా బాగుంటాయి. కా-బార్ సంస్థ అమ్మే బెకర్ తొమ్మిదంగుళాల కత్తి గానీ, ఈసీ సంస్థ అమ్మే పదంగుళాల జంగ్లాస్ గానీ సుమారు ఐదు మిల్లీమీటర్ల మందంతో, పిడి చివరిదాకా ఒకే ఉక్కుపలకతో వస్తాయి. కట్టెకు తట్టుకుంటాయి. వాటికి పెట్టే డబ్బుతో మాత్రం ఇక్కడ ఒక మచ్చుకత్తీ ఒక గొడ్డలీ చేయించుకుని ఇంకా మిగిలించుకోవచ్చు. కొన్ని పెట్టెల మీద ఉక్కు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 60 అని గొప్పగా రాసి ఉంటుంది. కూరగాయల కత్తికి అది మెచ్చుకోలు, కట్టె కత్తికి కాదు. కట్టె కత్తికి 54 నుంచి 57 మధ్య ఉంటే మేలు. ఇక 1982లో రాంబో సినిమా వచ్చాక లోకమంతా పుట్టుకొచ్చిన ఒక నమూనా ఉంది. వీపు మీద రంపపు పళ్ళు, బోలు పిడి, పిడిలో అగ్గిపుల్లలు, దిక్సూచి. వీటిలో చవకరకం కత్తులు పిడీ రేకూ కలిసే చోట విరుగుతాయి. ఆ రంపపు పళ్ళతో కట్టె కోయడం కూడా కష్టమే. సెలవుల్లో షికారు వెళ్ళే పిల్లలకు అవి ముచ్చట కావచ్చు, పొయ్యి వెలగాల్సిన ఇంటికి మాత్రం పనికిరావు.

విరిగే చోటు మాట వచ్చింది కాబట్టి పిడి గురించీ చెప్పుకోవాలి. కత్తి సాధారణంగా పిడి దగ్గరే దెబ్బతింటుంది. ఉక్కు పిడి చివరిదాకా పలకలా సాగి, రెండు పక్కలా చెక్కలు పెట్టి రివిట్లు కొట్టిన కత్తి అన్నిటికన్నా భద్రం. లేదంటే తోక సన్నగా పిడిలోంచి బయటికొచ్చి, చివర మడిచి కొట్టి ఉండాలి. పిడిలో సగం దాకే దిగిన తోక ఏదో ఒక రోజు ఊడి వస్తుంది. అది గాలిలో ఎటు పోతుందో చెప్పలేం. పిడి కట్టెకు తుమ్మ మంచిది, చిరుమాను ఇంకా మంచిది. బరువైన ఆ కట్టె దెబ్బ తిన్నా నారలుగా చీలదు. పిడి మొదట్లో ఇనుప పొన్ను ఉండాలి. కొసన చిన్న బొడిపె ఉండాలి, చెమట పట్టినా కత్తి చేతిలోంచి జారకుండా ఆ బొడిపే కాపాడుతుంది.

మరి కత్తి మంచిదో కాదో సంతలో నిలబడి ఎలా తెలుసుకోవాలి? ఒక ఆకురాయి తీసుకెళ్ళండి. వాదర మీద మెల్లగా రుద్దండి. జారిపోయి ఏమాత్రం పట్టకపోతే ఉక్కు మరీ గట్టిది, పెచ్చులూడే అవకాశం ఉంది. మైనంలోకి దిగినట్టు దిగిపోతే ఉక్కు మెత్తది. కొంచెం గట్టిగా రుద్దితే పట్టి సన్నగా పొడి రాలితే సరైనది. సానపట్టే చక్రం దగ్గర రవ్వలు చూసినా తెలుస్తుంది. మెత్త ఇనుము రవ్వలు పొడుగ్గా, పెద్దగా చీలకుండా పోతాయి. కర్బనమున్న ఉక్కు రవ్వలు చివర పువ్వుల్లా చిట్లుతాయి. కత్తిని వేలాడదీసి గోటితో కొట్టండి. కంగున మోగితే సరి, బొంగురుగా పలికితే లోపల పగులుందేమో చూసుకోండి.

ఇంత మాట్లాడినా కత్తి గొడ్డలికి బదులు కాదు. కొమ్మ మీ మణికట్టుకన్నా లావుగా ఉంటే గొడ్డలి తీయండి. బస్తర్‌లో టంగియా అని పిలిచే చిన్న గొడ్డలిని మగవాళ్ళు భుజాన వేసుకుని అడవికి పోవడం ఎప్పటినుంచో ఉంది. పొడవు కామ వల్ల తల వేగంగా తిరుగుతుంది, బరువంతా ఒకే చోట ఉంటుంది. అందుకే లావు దుంగ మీద గొడ్డలిని మించినది లేదు. ఎండుకట్టెను నిలువుగా చీల్చేటప్పుడూ అంతే, గొడ్డలి బుగ్గలు మేకులా పనిచేస్తాయి. వెదురు, రెమ్మలు, దడి కొయ్యలు, అగ్గికి చిదుగులు కత్తి పని. ఇంట్లో ఆడవాళ్ళు కట్టె కొట్టేటట్టయితే వాళ్ళ చేతిలో పెట్టి ఊపి చూసి మరీ కత్తి చేయించండి. ఇంట్లో మగవాడి భుజానికి కొలిచి చేసిన గొడ్డలి ఇంటిల్లిపాదికీ సరిపోదు.

కొట్టే పద్ధతి కూడా కత్తిలో సగం. కొమ్మ మీద అడ్డంగా, నిటారుగా దెబ్బ వేయకండి. నారకు అడ్డంగా కొట్టిన దెబ్బ ఎక్కువగా దిగదు. ఏటవాలుగా ఒక దెబ్బ, దానికెదురుగా ఇంకో ఏటవాలు దెబ్బ వేసి, ఆంగ్ల అక్షరం ‘వి’ ఆకారంలో గంటు చేసుకుంటూ వెళ్ళండి. కింద ఒక మొద్దు పెట్టండి, నేల మీద పెట్టి కొట్టకండి, మట్టిలోని రాళ్ళు వాదరకు శత్రువులు. కత్తి దిగే దారిలో మీ కాలు, మోకాలు ఉండకూడదు. పక్కన చూసేవాళ్ళు కత్తి అందే దూరానికి బాగా అవతల ఉండాలి. వెదురు కొట్టేటప్పుడు కణుపుకు కాస్త పైన కొట్టండి, మోడులో నీళ్ళు నిలవవు. ఆ ఏడాది పుట్టిన కొత్త కొమ్మును తాకకండి. గాయమైతే పసుపు అద్ది ఊరుకోకండి. శుభ్రమైన నీళ్ళతో, సబ్బుతో కడిగి, గట్టిగా గుడ్డ కట్టి, దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో ధనుర్వాతం సూది సంగతి అడగండి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఆయుధ నిబంధనల ప్రకారం తొమ్మిది అంగుళాల పొడవు గానీ రెండు అంగుళాల వెడల్పు గానీ దాటిన కత్తులు ఆయుధాల కోవలోకి వస్తాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపుంది. పనికి పోతే ఒరలో పెట్టి గానీ, గోనెగుడ్డలో చుట్టి గానీ తీసుకెళ్ళండి. బస్సుల్లో, ఊరేగింపుల్లో ఊపుకుంటూ తిరగకండి. రిజర్వు అడవిలో చెట్టు నరకడం 1927 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మాత్రం వెదురు, తుప్పకట్టె, మోడులు, తునికాకు లాంటివాటిని చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, సంప్రదాయంగా సేకరించుకునే ఆదివాసులకూ, అడవిని నమ్ముకుని బతికే ఇతరులకూ వాటి మీద హక్కు ఇచ్చింది. ఎక్కడ, ఎంత అన్నది మీ గ్రామసభలో తేల్చుకోండి.

వాడకం అయ్యాక కత్తిని తుడిచి ఆరబెట్టండి. ఇప్పగింజల నూనె గానీ కానుగ నూనె గానీ పలచగా రాయండి. వానాకాలంలో ఈ ఒక్క పని మానేస్తే మంచి ఉక్కు కూడా తుప్పు పడుతుంది.

ఇక తీర్పు. ఒక ఇంటికి రెండు పనిముట్లు చాలు. లావు కట్టెకు కిలో, కిలోంబావు తలతో ఒక గొడ్డలి. మిగతా పనికి పిడి పోను పది పన్నెండు అంగుళాల పొడవు, ఐదారు మిల్లీమీటర్ల వీపు, ముందుకు బరువు, పొట్ట వాదర ఉన్న, లారీ పట్టీతో చేయించిన ఒక మచ్చుకత్తి. అది మీ ఊరి కమ్మరి దగ్గరే చేయించుకోండి. పెట్టెలో వచ్చిన కత్తి మొద్దుబారితే దాన్ని చేసినవాడు మీకు దొరకడు. మీ కమ్మరి వచ్చే అంగడి నాటికి దొరుకుతాడు. చేయించేముందు ఏ కట్టె కొడతారో, ఎవరు కొడతారో ఆయనకు చెప్పండి. ఏ పట్టీతో చేస్తున్నాడో అడగండి. పనికి తగిన కూలి బేరం ఆడకుండా ఇవ్వండి.